మూడో ఆధారం

హొంకావార, 7 సెప్టెంబరు 1969

చెల్లీ ఇర్యా,

మూడు రోజులుగా ఒకటే ముసురు. ఈ మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చింది. కోసిన బార్లీ పనలు తిరగేసి పెట్టాను. వాగు పక్క మడిలో గడ్డి ఇంకా ఆరబెట్టే కొయ్యల మీదే ఉంది. దించుదామంటే లోపల తడి. కిందటి వారం రాత్రి మంచుకాటు పడి బంగాళాదుంప ఆకంతా నల్లబడింది. దుంపలు చిన్నవే, తినడానికి బాగానే ఉన్నాయి.

ఆవుల్లో హెలూనా కాలు నయమైంది. నువ్వు వెళ్ళాక ముస్తిక్కి రెండు పూటలు గేటు దగ్గర నిలబడి చూసింది. తర్వాత మరిచిపోయింది. ఈ విషయంలో ఆవులే మనకన్నా నయం.

కొట్టం పైకప్పు ఉత్తరం వైపు కారుతోంది. కింద బకెట్ పెట్టాను.

సహకార కొట్టులో తూకం వేసే హిల్కా ఆగస్టులో స్వీడన్ ఓడ ఎక్కిందని నీకు తెలుసుగా. వెస్తెరోస్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీలో పని దొరికిందట. ఉత్తరం రాసింది. అక్కడ గదిలోకే వేడినీళ్ళు వస్తాయట.

బడిలో నీకిది ఆఖరి సంవత్సరం. ఇంటి సంగతులు బుర్రలో పెట్టుకోకు. అమ్మా నాన్నా ఉంటే ఏమనేవారో నాకు తెలీదు. నేనైతే చదువుకో అంటాను. గది అద్దెకిచ్చినావిడ పొయ్యి సరిగ్గా వెలిగిస్తోందా? ఉన్ని మేజోళ్ళు పాల లారీ డ్రైవరు చేతికిచ్చాను.

తౌనో


పట్నం, 14 సెప్టెంబరు

అన్నయ్యా,

మేజోళ్ళు అందాయి. కుడికాలిది ఎడమకాలిదానికన్నా జానెడు పొడుగు. ఎవరు అల్లారో ఇక్కడ ఎవరికీ చెప్పలేదులే, నీ పరువు భద్రం.

ఇంటావిడ పొయ్యి వెలిగిస్తుంది కానీ వెలిగించిన ప్రతిసారీ కట్టెలు లెక్కపెడుతున్నట్టు చూస్తుంది. నేను కోటు వేసుకునే చదువుతున్నాను.

నాకో ఇబ్బంది వచ్చింది. లౌనియో మాస్టారు మాకు వ్యాసం ఇచ్చారు. దేశంలో పాలూ వెన్నా ఎక్కువైపోయాయని, పొలాన్ని బీడు పెట్టి ఆవుల్ని అమ్మేసే రైతుకి ప్రభుత్వం డబ్బిస్తోంది కదా. అది మంచిదా కాదా అన్నది విషయం. నేను రాత్రంతా కూర్చుని రాశాను. ‘చిన్న పొలాలను బీడు పెట్టకూడదు’ అన్నది నా మూలవాక్యం. మాస్టారు చదివి, క్లాసులో అందరి ముందూ ఏమన్నారో తెలుసా?

“అమ్మాయ్, నువ్వు ఒకే మాట మూడుసార్లు అన్నావు. ఒక్కోసారీ కాస్త గొంతు పెంచావు. గొంతు పెంచితే ఆధారం అయిపోదు.”

ఆయన పద్ధతి ఇది. ముందు నీ మాట ఒక్క వాక్యంలో చెప్పాలి. దాని కింద ఆధారాలు నిలబెట్టాలి. ఒక్కో ఆధారం పక్కదాని మీద వాలకుండా తన కాళ్ళ మీద నిలబడాలి. ప్రతిదానికీ ఇదిగో అని చూపించగల రుజువొకటి ఉండాలి. ‘మా ఊరు నాకిష్టం’ అన్నది రుజువు కాదట. మార్చిలో పెద్ద పరీక్షకి కూడా ఇలాగే రాయాలి, ఇప్పుడే చేతకాకపోతే అప్పుడు పాసైనవాళ్ళు పెట్టుకునే తెల్ల టోపీ గురించి మరిచిపోమన్నారు.

ఈ పొలం అంటే నీకు ప్రాణం. నీకు తెలియనిదేముంది? ఇది ఎందుకు ఉండాలో నాకు కారణాలు రాసి పంపు. చూపించగలిగినవే.

నీ ఇర్యా


హొంకావార, 24 సెప్టెంబరు

చెల్లీ,

గడ్డి దించాను. సగం బాగుంది. కిందిది నల్లబడింది.

కారణాలు అడిగావు. నాలుగో తరగతి చదివినవాణ్ణి అడుగుతున్నావు. తెలిసినవి రాస్తాను.

తాతయ్య ఈ నేలలో రాళ్ళు చేత్తో ఏరాడు. గుట్ట అక్కడే ఉంది, మాస్టారొస్తే చూపించవచ్చు. ఏటా మంచు కరిగాక కొత్త రాళ్ళు పైకి తేలతాయి. నేనూ ఏరుతున్నాను.

మన పాలను డైరీ వాళ్ళు ఒక్కసారి కూడా తిప్పి పంపలేదు.

మూడేళ్ళ కిందట రై పంట ఛాతీ ఎత్తు పెరిగింది. తర్వాతి రెండేళ్ళూ మంచుకాటుకు పోయింది. ఈ ఏడు వెయ్యలేదు.

చలికాలం అడవిలో దుంగలు కొట్టే పని ఉంటేనే ఇల్లు గడుస్తుంది. పొలం ఒక్కటే అయితే గడవదు.

పొద్దున్నే కొట్టం తలుపు తీస్తే ఆవులు తల తిప్పి చూస్తాయి. అది రుజువు కాదంటావేమో.

కొట్టం పైకప్పు సంగతి ముందే రాశాను.

ఇవి అటూ ఇటూ కలిసి ఉన్నాయి. నీ మాస్టారు చెప్పింది నాకు కొత్తేం కాదు. గడ్డి ఆరబెట్టే కొయ్యకు చీలలు ఎందుకు కొడతాం? చీల లేకపోతే గడ్డంతా జారి అడుగున పడి కుళ్ళుతుంది. అయితే చీలల మీద వేసేటప్పుడు తడిగడ్డిని లోపల దాచి పొడిది పైన కప్పకూడదు. చూడ్డానికి బాగానే ఉంటుంది. తీశాక తెలుస్తుంది.

సాయంత్రాలు ఊరు బాగా నిశ్శబ్దమైంది.

తౌనో


పట్నం, 5 అక్టోబరు

అన్నయ్యా, అన్నయ్యా,

కూర్చుని చదువు. కాఫీ పెట్టుకుని మరీ చదువు.

లౌనియో మాస్టారు నా వ్యాసం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఇప్పుడు దీనికి కాళ్ళొచ్చాయి” అన్నారు. అంతటితో ఆగలేదు. నాకు చెప్పకుండానే జిల్లా పత్రికకు పంపారు. నిన్నటి పత్రికలో, వెన్న ధరల పక్కనే వచ్చింది. ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను.

రాళ్ళ గుట్ట మొదటి ఆధారం. తిప్పి పంపని పాలు రెండోది. మూడో ఆధారం నువ్వే. నువ్వు అలా రాయమనలేదు, నాకు తెలుసు. కానీ మాస్టారు అన్నారు, చివరి ఆధారం ఒక మనిషి అయితే చదివేవాడు పత్రిక మడవడు అని. కొట్టం కారుతున్నా, బకెట్ పెట్టుకుని పాలు పితికే మనిషి గురించి రాశాను. ఆఖరి వాక్యాలు ఇవి:

‘మా అన్నయ్య ఈ పొలాన్ని బీడు పెట్టడు. ఎవరెంత ఇచ్చినా పెట్టడు. అందుకే బస్సు దిగే మలుపులో, ఆ కిటికీలో దీపం ఎప్పటికీ వెలుగుతూనే ఉంటుంది. నా చిరునామా ఆ దీపమే.’

ఇంటావిడ చదివి ముక్కు చీదింది. ఇవాళ పొయ్యిలో కట్టె ఒకటి ఎక్కువ వేసింది.

నీ గర్వపు చెల్లెలు


హొంకావార, 12 అక్టోబరు

ఇర్యా,

నువ్వు పంపకముందే చదివాను. సహకార కొట్టులో గోడకు అంటించారు.

పొరుగు ఒస్సీ మామ అందరికీ వినపడేలా గట్టిగా చదివాడు. ఆయనకు కళ్ళజోడు లేదు, సగం తనే కల్పించి చదివాడు. “ఒరేయ్ తౌనో, నువ్వింత గొప్పవాడివని మాకు తెలీదురా. నీ బకెట్‌ని కూడా పత్రికలో వేశారు. మా బకెట్లు ఏం పాపం చేశాయి?” అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఒక్కొక్కరూ తలుపు వైపు నడిచారు. ఉప్పు కొనుక్కుని వచ్చేశాను.

బాగా రాశావు. తప్పుపట్టడానికి కాదు గానీ, రై ఛాతీ ఎత్తు అని రాశావు, మంచుకాటు రాయలేదు. అడవి పని రాయలేదు.

నేను బీడు పెట్టనని ఎప్పుడు చెప్పాను? గుర్తు రాక అడుగుతున్నాను.

తౌనో


పట్నం, 19 అక్టోబరు

అన్నయ్యా,

మంచుకాటు రాస్తే అది అవతలి పక్షానికి ఆధారమైపోతుంది. బరువు మోసే వాటినే ఎంచుకోవాలని మాస్టారు చెప్పారు. నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు. కొన్ని రాయలేదు, అంతే.

బీడు పెట్టనని నువ్వు చెప్పాలా? నువ్వు ఆ పొలం వైపు చూసే చూపు నాకు తెలియదా? కొన్ని నువ్వు చెప్పవు. నీ తరఫున చెప్పడానికేగా నేను చదువుకుంటున్నది.

అలిగావా? అలగకు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నీకు మేజోళ్ళు నేను అల్లి తెస్తాను, రెండు కాళ్ళకీ ఒకే పొడుగు.

ఇర్యా


హొంకావార, 2 నవంబరు

చెల్లీ,

రాత్రి చలికి నేల గట్టిపడింది. మంచు ఇంకా పడలేదు.

ఒక సంగతి జరిగింది. కిందటి శనివారం పొద్దున నేను పాలు పితికి బయటికొచ్చేసరికి వాకిట్లో ఊళ్ళో మగవాళ్ళంతా ఉన్నారు. ఒస్సీ మామ చెక్క పెంకులు చీల్చే మర బండి మీద వేసుకొచ్చాడు. కెంపైనెన్ అన్నదమ్ములు మేకుల డబ్బాలు తెచ్చారు. నేను ఎవరినీ పిలవలేదు. ఊరిసాయం అంటే పిలిస్తే వచ్చేది. ఎవరూ పిలవకుండా వచ్చింది నాకు తెలిసి ఇదే మొదలు.

“ఏంటి మామా ఇది?” అన్నాను.

“పత్రికలో కారుతోందని రాశారు. పట్నం వాళ్ళు చదివి, హొంకావారలో పక్కవాడి కొట్టం కారుతుంటే చూస్తూ కూచుంటారని అనుకోరూ?” అన్నాడు.

నేను కప్పెక్కి మేకులు కొట్టాను. ఆడవాళ్ళు కుండనిండా మాంసం కూర, రై రొట్టెలు తెచ్చారు. నేను కాఫీ కాచాను, సాయంత్రం అందరి స్నానానికీ ఆవిరిగది వేడి చేశాను. మామూలుగా అయితే ఇలాంటి పనిలో ఒకణ్ణొకడు ఏడిపించుకుంటారు. ఈసారి తక్కువ మాట్లాడుకున్నారు. ఆవిరిగదిలో కూడా.

రెండు రోజుల్లో రెండు వైపుల కప్పూ అయిపోయింది. కొత్త చెక్క తెల్లగా దూరానికి కనిపిస్తోంది. బకెట్ తీసేశాను.

నిన్న నిచ్చెన మీంచి జారాను. ఏం కాలేదు.

ఇంతమంది వేసిన కప్పు ఇది. ఇక నేనేం అనడానికీ లేదు.

తౌనో


పట్నం, 9 నవంబరు

అన్నయ్యా,

నీ ఉత్తరం మాస్టారికి చదివి వినిపించాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టారు. తర్వాత, “నీ వ్యాసం వల్ల కప్పు లేచింది. ముప్పై ఏళ్ళు చెప్పాను, నా పాఠం వల్ల మేకు కూడా దిగలేదు” అన్నారు.

నువ్వు కొత్త కప్పు కింద నిలబడి పాలు పితుకుతుంటే నాకు ఇక్కడ కోటు లేకుండానే వెచ్చగా ఉంది. ఇక మన ఇంటికి ఢోకా లేదు.

నిచ్చెన జాగ్రత్త.

ఇర్యా


పట్నం, 14 జనవరి 1970

అన్నయ్యా,

క్రిస్మస్‌కి నువ్వు అంత తక్కువ మాట్లాడావు, నేను అల్లిన మేజోళ్ళు నీకు బిగుతయ్యాయేమో అనుకున్నాను. నడుం పట్టుకుని నడుస్తున్నావు, అడిగితే చలి అన్నావు.

ఇప్పుడు కొత్త పాఠం. లౌనియో మాస్టారు అంటారు, అవతలి పక్షాన్ని వాళ్ళకన్నా బాగా చెప్పగలిగినవాడే తన పక్షాన్ని నిలబెట్టగలడని. నా వ్యాసంలో ఆ ఒక్క లోపం ఉందట. అవతలివాడి గొంతు ఎక్కడా వినపడలేదట. పరీక్షలో దానికే మార్కులు పోతాయట.

నేను ప్రయత్నించాను, చేతకాలేదు. బీడు పెట్టాలని నాకు మనసులో లేదు, ఎలా రాయను? నువ్వు నాకు అవతలివాడిగా ఉండు. ఒక్క పేజీ. మూలవాక్యం, మూడు ఆధారాలు, ఒక అభ్యంతరం, దానికి జవాబు. నేను మాస్టారిలా ఎర్ర పెన్సిల్ పెట్టి దిద్ది పంపుతాను. సరదాగా ఉంటుంది.

ఇర్యా


హొంకావార, 25 జనవరి

చెల్లీ,

బయట సున్నాకి దిగువన ముప్పై అయిదు డిగ్రీల చలి. బావి చేద గడ్డకట్టింది. ముస్తిక్కి ఈనింది, పెయ్య.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. పాఠం కోసం.

మూలవాక్యం. ఈ పొలాన్ని బీడు పెట్టి మనిషి వెళ్ళిపోవాలి.

మొదటి ఆధారం. పొలం చాలదు. అడవి పని వల్లే గడిచేది. ఇప్పుడు అడవిలోకి యంత్రాలొచ్చాయి. ముగ్గురి పని ఒకడు చేస్తున్నాడు. కిందటి చలికాలం కబురు పెట్టిన గుత్తేదారు ఈ చలికాలం పెట్టలేదు.

రెండో ఆధారం. మనిషి ఒక్కడే. ఆవుకి ఆదివారం లేదు. నవంబరులో నిచ్చెన మీంచి పడ్డాడు అనుకుందాం. ఆ వారమంతా కొట్టానికి గోడ పట్టుకుని వెళ్ళాడు అనుకుందాం. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

మూడో ఆధారం. అవతల ఒక మనిషి ఎదురుచూస్తోంది. పేరు హ. అనుకుందాం. కొత్త సంవత్సరానికల్లా వస్తానని ఈ మనిషి మాటిచ్చాడు. ఆమె ఫ్యాక్టరీలో ఇతని కోసం అడిగి చోటు కూడా చూసి పెట్టింది. కొత్త సంవత్సరం వెళ్ళిపోయింది. ఆమె ఎల్లకాలం చూడదు.

అభ్యంతరం. ఊరంతా వచ్చి కప్పు వేశారు. పట్నంలో చదువుకునే చెల్లెలికి ఇల్లు కావాలి, పత్రికలో కూడా రాసింది.

జవాబు. దీనికి ఆ మనిషి దగ్గర జవాబు లేదు. అందుకని వ్యాసం ఇక్కడ ఆగింది.

తౌనో


పట్నం, 4 ఫిబ్రవరి

అవతలి పక్షం పెద్దమనిషికి,

దిద్దిన కాగితం ఇందులోనే పెట్టాను. ఎర్ర పెన్సిల్ చూసి భయపడకు.

మొదటి ఆధారం బాగుంది. గుత్తేదారు సంగతి మంచి రుజువు. అదంతా నిజంలాగే రాశావు.

రెండోది ఫరవాలేదు. ‘అనుకుందాం’ అని రెండుసార్లు రాశావు. జరిగితే జరిగిందని రాయి, లేకపోతే తీసెయ్యి. అనుమానంగా చెప్పేది నిలబడదు.

మూడోది బలహీనం. ఒక్కరు ఎదురుచూడటం అందరికీ వర్తించే ఆధారం కాదు. పైగా ‘హ.’ అంటే కొట్టులో తూకం వేసే హిల్కాయా? చదివి పడీపడీ నవ్వాను. తక్కెడ ముల్లు ఆగడం కోసం తప్ప ఆవిడ దేనికైనా ఎదురుచూడగా నేను చూడలేదు. దీన్ని కొట్టెయ్యి. ఆ చోట పాల ధర గురించి రాయి.

అభ్యంతరానికి జవాబు లేకుండా వ్యాసం ఆపకూడదు. మార్కులు: పదికి ఏడు. నా మొదటి వ్యాసానికి ఆరే వచ్చాయి, సంతోషించు.

ఇర్యా మాస్టారు


హొంకావార, 15 ఫిబ్రవరి

ఇర్యా,

చలి కాస్త తగ్గింది. మంచు కిటికీ దాకా ఉంది. పెయ్య బాగా తాగుతోంది. కాగితం అందింది.

వెస్తెరోస్ నుంచి ఉత్తరం వచ్చింది. ఇదే ఆఖరుసారి అడగడం అంది. ఏం రాయాలో తోచక నాలుగు రోజులు ఉంచుకున్నాను. ఇల్లు వదిలే వీలు లేదని నిన్న జవాబు రాసి పాల లారీకి ఇచ్చాను.

స్కీ సెలవులకు వచ్చేటప్పుడు కిరోసిన్ తేవద్దు, ఉంది.

తౌనో


పట్నం, 3 మార్చి

అన్నయ్యా,

వారమంతా ఇంట్లో ఉన్నాను. వెస్తెరోస్ ఉత్తరం గురించి ఒక్క మాట కూడా అడగలేకపోయాను. నేను నోరు తెరిచినప్పుడల్లా నువ్వు కొట్టంలోకి వెళ్ళావు, నువ్వు బయటికొస్తే నేను పుస్తకం తెరిచాను. మన ఇంట్లో మాటలు ఇలాగే పోతాయి. అందుకని ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఒస్సీ మామ భార్య లెంపి అత్త నా పక్కన కూర్చుంది. కాసేపు అల్లింది. తర్వాత సూదులు ఒళ్ళో పెట్టుకుని అంది, “మీ అన్న ఇంకా ఆ పిల్లకి ఉత్తరాలు రాస్తున్నాడా, మానేశాడా?”

“ఏ పిల్లకి?” అన్నాను.

“ఏ పిల్లా? చదువుకున్నదానివి, నీకు కళ్ళు లేవూ? కొట్టు హిల్కాకి. రెండేళ్ళు మా ఆవిరిగది వెనక దారిలో నడిచారు. సూట్‌కేస్ కూడా కొన్నాడు. ఇంతలో నువ్వు పత్రికలో రాశావు, మా ముసలాడు కప్పేయించాడు. ఇక పాపం ఎటు పోతాడు?”

నేను బస్సు దిగి నేరుగా బల్ల ముందు కూర్చున్నాను.

నీ కాగితాన్ని వ్యాసం అనుకున్నాను. నీ కాగితం మీద నేను ఎర్ర పెన్సిల్ పెట్టాను.

నాకు రాయడం వచ్చింది ఒక్క పద్ధతిలోనే. అందుకని అలాగే రాస్తాను.

మూలవాక్యం. నువ్వు వెళ్ళాలి.

మొదటి ఆధారం. నేను హొంకావారకు తిరిగి రాను. చదువయ్యాక దక్షిణాదిలో టీచర్ల కాలేజీకి వెళ్తాను, దరఖాస్తు పెట్టాను. ఈ సంగతి సెప్టెంబరు నుంచే తెలుసు. చెబితే నీకు పొలం మీద ఆశ పోతుందని చెప్పలేదు. ఆ దీపం నా చిరునామా అని రాసినప్పుడు అది వాక్యానికి బాగుందని రాశాను.

రెండో ఆధారం. నిచ్చెన మీంచి నువ్వు పడ్డావు. ‘అనుకుందాం’ కొట్టేశాను.

మూడో ఆధారం నువ్వే రాశావు. దాన్ని కొట్టేసిన గీత చెరుపుతున్నాను. ఇప్పుడే, ఇవాళే మళ్ళీ ఆమెకు రాయి.

అభ్యంతరానికి జవాబు నాకూ తెలీదు. కప్పు సంగతి ఒస్సీ మామనే అడుగు. అడగడం నీకు కష్టమని తెలుసు. అయినా అడుగు.

ఇర్యా


హొంకావార, 15 మార్చి

చెల్లీ,

పగలు చూరు నుంచి మంచు కరిగి కారుతోంది. కొట్టం లోపలికి మాత్రం చుక్క రావడం లేదు.

నువ్వు తిరిగి రానని ముందే చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది. తర్వాత, నేనూ ఏం చెప్పానులే అనిపించింది. నేను ఇల్లు నీ కోసం ఉంచాను. నువ్వు నా కోసం ఉంచమని రాశావు. ఇద్దరికీ అక్కర్లేని దాన్ని ఇద్దరం మోశాం.

ఒస్సీ మామ దగ్గరికి వెళ్ళాను. కట్టెలు కొడుతున్నాడు. నేనూ ఒక గొడ్డలి తీసుకున్నాను. కాసేపటికి అడిగాను.

“మామా, నేను పొలం బీడు పెడితే కప్పు సంగతి ఏమనుకుంటారు?”

ఆయన గొడ్డలి దింపలేదు. “కప్పు వేసింది కొట్టానికిరా, నీ కాళ్ళకి కాదు” అన్నాడు.

“మరి పిలవకుండా ఎందుకొచ్చారు?”

అప్పుడు దింపాడు. “నేను సెప్టెంబరులోనే బీడు పెట్టే కాగితం మీద సంతకం పెట్టాను. కెంపైనెన్ వాళ్ళూ పెట్టారు. ఆ రోజు నీ కప్పెక్కిన వాళ్ళలో సగంమంది పెట్టినవాళ్ళే. ఒకరికొకరం చెప్పుకోలేదు. ఇంతలో నీ చెల్లెలి రాత గోడకి అంటించారు. ఊళ్ళో ఒక్కడైనా ఉంటాడని రాసింది. ఇక ఇంట్లో కూచోబుద్ధి కాలేదు. వెళ్ళేవాళ్ళం, ఉండేవాడికి కప్పైనా వేసి పోదాం అనుకున్నాం.”

“నేనూ వెళ్ళాలనుకున్నాను మామా. మీరు కప్పేశారని ఉండిపోయాను.”

ఆయన నా వైపు చూశాడు. “అయితే ఆ మేకులన్నీ ఎవరి కోసం కొట్టాంరా మనం?” అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. లెంపి అత్త కాఫీకి పిలిచింది. తాగాం.

శుక్రవారం వెళ్ళి సంతకం పెట్టాను. హిల్కాకు నీ ఉత్తరం అందిన రోజే రాశాను. ఇంకా జవాబు లేదు. వచ్చినా రాకపోయినా వెళ్తాను. నీ తెల్ల టోపీ చూసి వెళ్తాను.

వచ్చే వారం పరీక్ష. రొట్టె, ఉడికించిన గుడ్లు పట్టుకెళ్ళు. ఖాళీ కడుపుతో రాయకు.

తౌనో


పట్నం, 22 మార్చి

అన్నయ్యా,

రాశాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ హాల్లో కలాల చప్పుడు, ఆపిల్ కొరికిన చప్పుడు తప్ప ఏం వినపడలేదు.

పది విషయాలిచ్చారు. నేను ‘నా ఊరి రేపు’ అన్నది తీసుకున్నాను. రాళ్ళ గుట్ట రాశాను, రాళ్ళు ఏటా మళ్ళీ పైకొస్తాయని కూడా రాశాను. మంచుకాటు రాశాను. అడవి యంత్రాలు రాశాను. కప్పు వేసినవాళ్ళలో సగంమంది వెళ్ళేవాళ్ళే అన్నది రాశాను. నీ గురించి రాయలేదు.

లౌనియో మాస్టారు చిత్తుప్రతి చూసి పెదవి విరిచారు. “ఆధారాలన్నీ గట్టివే. కానీ మూలవాక్యం ఏదీ? ఉండాలంటావా, పోవాలంటావా?” అన్నారు. తెలియదన్నాను. “తెలియదు అన్న దానికి మార్కులు తక్కువ” అన్నారు. కాస్త ఆగి, తన సంచిలోంచి ఒక ఆపిల్ తీసిచ్చారు.

జవాబు వచ్చిందా?

ఇర్యా


వెస్తెరోస్, 14 జూన్ 1970

చెల్లీ,

ఇక్కడ వాన. ఆదివారం కాబట్టి పని లేదు. ఆదివారం పని లేకపోవడం ఇంకా అలవాటు కాలేదు, తెల్లవారకముందే లేచి కూర్చుంటున్నాను.

మోటార్లకు రాగితీగ చుట్టే చోట వేశారు. చేత్తో చేసేదే, వస్తుంది. పక్కన నిలబడేవాళ్ళు సగం మనవైపు వాళ్ళే. నడుం నొప్పి తగ్గింది. గదిలోకి వేడినీళ్ళు వస్తున్నాయి, నిజమే.

హిల్కాను చూశాను. స్టేషన్‌కు రాలేదు. మర్నాడు సాయంత్రం వచ్చింది. ఫిబ్రవరిలో నా జవాబు అందాక ఇంకొకతనికి మాటిచ్చిందట. అతనిది మన దేశంలోనే ఔలు వైపు, వడ్రంగి, నెమ్మదస్థుడు. నాకు ఈ గది చూసిపెట్టింది అతనే. ముగ్గురం కాఫీ తాగాం. మార్చిలో నేను రాసిన ఉత్తరం ఆమె దగ్గర ఉంది. ఎలా జవాబు రాయాలో తెలియలేదంది. “మీ కొట్టం ఇంకా కారుతోందా?” అని అడిగింది. లేదు, కప్పు కొత్తది అన్నాను.

మూడో ఆధారం బలహీనమని నువ్వు అప్పుడే అన్నావు. నువ్వు దాని గురించి ఏమీ రాయనక్కర్లేదు. మిగతా రెండూ నిలబడ్డాయి. వాటి మీదే ఉన్నాను.

టోపీ నీకు బాగుంది. నువ్వు నన్ను సాగనంపిన రోజు స్టేషన్‌లో చెప్పడం మరిచిపోయాను.

ఇల్లు తాళం వేసేటప్పుడు పొయ్యి మూత మూసి వెయ్యి. బకెట్ ఒస్సీ మామకిచ్చెయ్యి, వాళ్ళది చిల్లు.

తౌనో


హొంకావార, 28 జూన్

అన్నయ్యా,

పగలు ఎండ, సాయంత్రం దోమలు. వాగు పక్క మడిలో గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది, ఎవరూ కొయ్యలేదు. కొయ్యలూ చీలలూ గోడకు ఆనించి ఉన్నాయి. కొట్టం లోపల పొడిగా ఉంది. నిన్న వాన పడినప్పుడు వెళ్ళి చూశాను.

నాకు పై మార్కు రాలేదు, దాని కింది మార్కు వచ్చింది. కాలేజీ వాళ్ళకి అది చాలునట. సెప్టెంబరు దాకా పట్నంలో ఇంటావిడ దగ్గరే ఉంటాను, బేకరీలో పని చూసింది.

రాయవద్దన్నావు కాబట్టి దాని గురించి రాయడం లేదు.

బకెట్ ఇవ్వడానికి వెళ్ళేసరికి ఒస్సీ మామ వాళ్ళింటి తలుపుకు అడ్డకర్ర వేసి ఉంది. అరుగు మీద పెట్టి వచ్చాను. మధ్యవేసవి పండుగ మంటకు కట్టెలు పేర్చడానికి ఈసారి ఆడవాళ్ళమే వెళ్ళాం.

నువ్వు అడుగుతావని రాస్తున్నాను. హెలూనా, ముస్తిక్కి, పెయ్య మే 26న లారీలో వెళ్ళాయి, నీకు తెలుసు. ఒస్సీ మామా లెంపి అత్తా జూన్ 9న వెళ్ళారు. కెంపైనెన్ అన్నదమ్ముల్లో పెద్దవాడు 16న, చిన్నవాడు కుటుంబంతో 23న. బడి టీచరమ్మ 24న. నేను రేపు, సోమవారం, పొద్దుటి బస్సులో.

ఇర్యా